బల్ల ఎత్తు ఎంత పెట్టమంటారు?

మా పక్కింటి వీరాంజనేయులు బాబాయి గారు జీవితంలో ఏ పనీ ఎవరినీ అడక్కుండా చేసి ఎరగరు. ఒకరినడిగి ఊరుకుంటే అదొక అలవాటు అనుకోవచ్చు. ఆయన కనిపించిన ప్రతివాళ్ళనీ అడిగేవారు. సముద్రం దూకే ముందు ఆ పేరుగల దేవుడికి జాంబవంతుడొక్కడు చెబితే సరిపోయింది. మా బాబాయి గారైతే వానరసైన్యాన్నంతా వరసలో నిలబెట్టి, "ఇక్కణ్ణుంచి దూకమంటారా, కాస్త అవతల్నుంచి దూకమంటారా?" అని ఒక్కొక్కరినీ అడిగి, చివర నిలబడ్డ ఎలుగుబంట్ల అభిప్రాయం కూడా తీసుకుని, అప్పుడు పంచె ఎగ్గట్టేవారు. ఈలోగా రావణుడే విసుగెత్తి సీతమ్మను తెచ్చి దింపి వెళ్ళేవాడు.

ఆయన కరెంటు ఆఫీసులో మీటర్ రీడర్. చిలకలూరిపేటలో సగం ఊరి మీటర్లు ఆయనే చూసేవారు. పాత సైకిలు, భుజాన గుడ్డసంచి, చెవి మీద పెన్సిలు. ఒకసారి పన్నునొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళి, బయట బెంచీ మీద కూర్చున్న వాళ్ళకి నోరు తెరిచి చూపించి, "ఏది పీకిద్దామంటారు?" అని అడిగారట.

"నొప్పెట్టేది పీకించుకోవయ్యా!" అన్నాడట ఒకాయన.

"నేనూ అదే అనుకున్నానండి. కానీ దాని పక్కదాన్ని కూడా మీరొక్కసారి చూస్తే..."

ఇవన్నీ నాకు చెప్పింది ఆయన భార్య పిచ్చమ్మ పిన్ని గారు. ఆవిడకి అడగడం రాదు, చెప్పడమే వచ్చు.

"పన్నుదాకా ఎందుకే అమ్మాయ్, నన్ను చేసుకునే ముందు బస్సు కండక్టర్ని కూడా అడిగాడు. పెళ్ళిచూపులకి మా ఊరొచ్చి తిరిగిపోతా, 'పిల్ల ఇట్టా ఉంది, చేసుకోమంటారా?' అన్నాడంట. ఆయన, 'చేసుకోండి గానీ ముందు ఫుట్‌బోర్డు మీంచి లోపలికి రండి' అన్నాడంట. ఆ మహానుభావుడు కనపడితే నాలుగు దులుపుదామని ముప్పై ఏళ్ళుగా బస్సెక్కినప్పుడల్లా చూస్తానే ఉన్నా."

"వద్దనలేదుగా పిచ్చమ్మా!" అనేవారు బాబాయి గారు, ఆ కండక్టరుకి ఇప్పటికీ రుణపడి ఉన్నట్టు.

నేను ఆ వీధికి కోడలిగా వచ్చింది తొంభై ఎనిమిది వేసవిలో. మాది చీరాల. పుట్టింట్లో రెండు మగ్గాలు. మా నాన్న ఏ చీర మొదలుపెట్టినా నన్ను పిలిచేవాడు. "బిందూ, ఈ పసుపుకి ఏ అంచు కడదాం?" నేను గంభీరంగా ఆలోచించి, "వంకాయ రంగు" అనేదాన్ని. ఆ చీర నిజంగా వంకాయ రంగు అంచుతోనే మగ్గం దిగేది. ఆరో తరగతి పిల్లకి అంతకంటే అధికారం ఏం కావాలి? లోకంలో ఆడపిల్లలందరినీ అలాగే అడుగుతారనుకున్నాను.

మా అత్తగారివాళ్ళూ ఒకప్పుడు నేసినవాళ్ళే. మగ్గాలు వదిలేసి పేటలో బట్టల కొట్టు పెట్టుకున్నారు. అత్తగారు వెంకటేశ్వరమ్మ గారు చెడ్డమనిషి కాదు. తిట్టేది కాదు, సాధించేది కాదు. అడిగేది కాదు, అంతే. ఏ కూర తరగాలో ఆవిడే చెప్పేది, ఏ చీర కట్టుకోవాలో ఆవిడే బీరువాలోంచి తీసిచ్చేది. మా ఆయన సురేంద్ర పొద్దున్నే కొట్టుకి వెళ్తే రాత్రికి వచ్చేవాడు. తిన్నావా అని కూడా అడిగేవాడు కాదు. తినే ఉంటానని ఆయన నమ్మకం.

వంటిల్లు అత్తగారిది, కొట్టు మా ఆయనది. నాకు మిగిలింది వీధి వసారా. అక్కడ గోడకి ఆనుకుని ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తూ కూర్చునేదాన్ని. వీధి చివర జిన్నింగు మిల్లులోంచి దూదిపింజలు గాల్లో తేలుతూ వచ్చి తల్లో చిక్కుకునేవి. సాయంత్రమైతే చీరాలలో సముద్రం మీంచి గాలి వస్తుంది. పేటలో గాలి వచ్చిందంటే దాని వెంట మిరపఘాటు కూడా వచ్చేది. నాకు కళ్ళవెంట నీళ్ళొస్తే మిరపకాయల వల్లేనని అందరికీ తెలుసు. కాబట్టి ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు.

అప్పటికే నాన్నకి ఒక ఉత్తరం రాసి పెట్టెలో చీరల అడుగున దాచాను. "ఒకసారి వచ్చి తీసుకెళ్ళు" అని మాత్రమే రాశాను. మళ్ళీ తీసుకొచ్చి దించమని రాయలేదు. పోస్టు చేయలేదు గానీ, రోజూ ఒకసారి అది అక్కడే ఉందా అని తడిమి చూసుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం వీరాంజనేయులు బాబాయి గారు మీటరు చూడటానికి వచ్చారు. మీటరు సరిగ్గా నా తల మీద ఉండేది. నేను లేచి పక్కకి తప్పుకున్నాను. ఆయన అంకెలు రాసుకున్నారు, చెవి మీద పెన్సిలు పెట్టుకున్నారు, వెళ్ళకుండా నిలబడ్డారు.

"అమ్మాయ్, నాకో సందేహం. నువ్వు నన్ను మామయ్య గారూ అని పిలుస్తావా, బాబాయి గారూ అంటావా? సురేంద్ర నన్ను బాబాయనే అంటాడు. ఆ లెక్కన నేను నీకు మామయ్యని. కానీ నీకేది బాగుంటుంది?"

నేను బిత్తరపోయాను. ఆ ఇంటి గడపలోకి వచ్చాక నన్ను ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది. మామయ్యలు ఆ ఇంటి వైపు బోలెడుమంది ఉన్నారు. బాబాయి అనేది పుట్టింటి పిలుపు.

"బాబాయి గారూ అంటానండి," అన్నాను. కొంగుతో కళ్ళొత్తుకున్నాను.

"మిరపకాయలు ఘాటుగా ఉన్నట్టున్నాయి," అన్నారాయన ఆ కాయల వైపు చూస్తూ. "గుంటూరు రకమంటావా, మన పర్చూరు వైపువంటావా?"

ఆ శ్రావణంలో పిచ్చమ్మ పిన్ని గారింట్లోకి గ్యాసు వచ్చింది. అప్పటిదాకా కింద కూర్చుని కట్టెలపొయ్యి మీద వండి వండి ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. లేస్తే "అమ్మా", కూర్చుంటే "అయ్యో". పొయ్యిని బల్ల మీద పెట్టుకుని నిలబడి వండుకోమన్నాడు డాక్టరు.

"వడ్రంగికి చెబితే రెండ్రోజుల్లో చేసిస్తాడు," అంది పిన్ని గారు.

"బల్లేమన్నా బ్రహ్మవిద్యా? నాలుగు కాళ్ళు, పైనొక పలక. ఇంట్లో నేనే చేస్తాను," అన్నారు బాబాయి గారు. ఒక్క క్షణం ఆగి, "నాలుగు కాళ్ళేగా?" అన్నారు.

పిన్ని గారు నెత్తి కొట్టుకుంది. ఆవిడకి అప్పుడే అర్థమైంది, ఈ బల్ల ఊరంతా తిరిగిగానీ ఇంటికి రాదని.

వారం తిరక్కుండా కరీముల్లా గారి సామిల్లు నుంచి వేపచెక్క రిక్షాలో వచ్చింది. దాన్ని పెరట్లో గోడవారగా పెట్టి గోనెపట్టా కప్పేశారు. రంపం, ఉలి, చిత్రిక కొత్తవి కొన్నారు. మరునాటి నుంచి ఆయన సైకిలు మీద మీటరు పుస్తకంతోబాటు బల్ల కూడా ఊళ్ళో తిరగడం మొదలుపెట్టింది.

"బల్ల ఎత్తు ఎంత పెట్టమంటారు?"

మొదట ఆ ప్రశ్న మా వీధిలో వినిపించింది. తర్వాత మార్కెట్టు సెంటరులో, ఆ తర్వాత పురుషోత్తమపట్నం వైపు. కూరలకొట్టు దగ్గర నిలబడితే అవతలివాళ్ళు ఆ సంగతే మాట్లాడుకునేవాళ్ళు. ముప్పై అంగుళాలన్నవాళ్ళు కొందరు, రెండడుగులు చాలన్నవాళ్ళు కొందరు. ఎత్తు సంగతి ఒక నెల నడిచింది. తర్వాత కాళ్ళు గుండ్రంగానా, చదరంగానా అన్నది పదిహేను రోజులు. పలక అంచులు మొద్దుగా ఉంచాలా, నున్నగా పట్టాలా అన్నదానికి దసరా దాటింది. పిన్ని గారు మాత్రం కిందే కూర్చుని, గ్యాసు పొయ్యిని పీట మీద పెట్టుకుని, "అమ్మా", "అయ్యో" అంటూ వండుతూనే ఉంది.

"బల్ల ఎందాకా వచ్చింది పిన్ని గారూ?" అంటే,

"ఇవ్వాళ నరసరావుపేట రోడ్డు దాకా వచ్చిందంట," అనేది.

ఒకరోజు ఆయన మా వసారాకి వచ్చి నన్నడిగారు. "అమ్మాయ్, కాళ్ళని అడ్డపట్టెలకి కలిపేది మేకులతోనా, మరలతోనా? నువ్వేమంటావు?"

"నాకేం తెలుస్తుంది బాబాయి గారూ," అన్నాను. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో నోటికి బాగా అలవాటైన మాట అదొక్కటే.

"తెలియకపోతే తెలియకే చెప్పు. తెలిసినవాళ్ళు చెప్పింది వినీ వినీ విసుగొచ్చింది."

నాకు మా ఇంట్లో మగ్గం గుర్తొచ్చింది. దాని చట్రం, దాని మీద మా నాన్న చేయి పడీ పడీ నునుపెక్కిన అడ్డకర్ర.

"మేకులూ వద్దు, మరలూ వద్దండి. మా మగ్గానికి ఒక్క మేకు ఉండదు. కాలికి చదరంగా బెజ్జం తొలిచి, పట్టె కొసను సన్నం చేసి అందులో దూరుస్తారు. అది బయటికి రాకుండా అడ్డంగా కొయ్యచీల కొడతారు. వాన నీళ్ళు మగ్గం గుంటలోకి వస్తే మా నాన్న చీలలు పీకేసి గంటలో మగ్గం విప్పి గోడకి చేరవేసేవాడు. నీళ్ళు పోయాక మళ్ళీ బిగించేవాడు. మేకు కొడితే చెక్క పగులుతుంది, పీకితే బెజ్జం వదులవుతుంది. చీలైతే ఎన్నిసార్లు విప్పినా..."

నేను మాట్లాడుతూనే ఉన్నాను. మగ్గం దగ్గర మొదలుపెట్టి మా వీధికి, మా వీధిలోంచి రైలు గేటుకి, అక్కణ్ణుంచి సముద్రానికి వెళ్ళాను. బాబాయి గారు స్తంభానికి ఆనుకుని నిలబడి, తల ఊపుతూ, మధ్యమధ్య "ఆఁ" అంటూ విన్నారు. ఆయన పుస్తకం మూసి సైకిలెక్కేసరికి ఎండ వసారా దిగి వీధిలోకి వెళ్ళిపోయింది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్తగారు. ఎప్పటి నుంచి నిలబడి వింటోందో.

"చీలలు సరే. ఏ చెక్కతో చేస్తారో చెప్పలేదే?" అంది.

"చింతచెక్కండి."

"చింత కాదు, తుమ్మ. మా పుట్టింట్లో తుమ్మచీలలే. రాయిలా ఉండేవి." గొంతులో పట్టుదల వినిపించింది. "అయినా నన్నడగలేదే ఆయన? మగ్గం సంగతి నాకు తెలియదా? నేను నీ వయసులో రోజుకి నాలుగు గజాలు నేసినదాన్ని!"

ఆ సాయంత్రమంతా చింతా తుమ్మా అని వాదించుకున్నాం. ఆవిడ పుట్టింటి మగ్గాలు, మా నాన్న మగ్గాలు, గంజి పెట్టడాలు, నీళ్ళొచ్చిన వానాకాలాలు. నాలుగు నెలల్లో మేమిద్దరం అన్ని మాటలు ఎప్పుడూ అనుకోలేదు. మాటల్లో పడి ఆవిడ పప్పు మాడ్చింది. అన్నం దగ్గర కూర్చున్నాక, కంచం వైపు చూస్తూ, ఎవరినో అడుగుతున్నట్టు అంది: "చారులో ఉప్పు చాలిందా?"

చాల్లేదు. "చాలిందండి," అన్నాను. తర్వాత ధైర్యం చేసి, "కొంచెం పడుతుందేమో," అన్నాను. ఆవిడ లేచి ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

ఆ వారంలో పెట్టెలోని ఉత్తరాన్ని రెండు రోజులు తడిమి చూసుకోవడం మర్చిపోయాను.

అలా కార్తీకం కూడా దాటింది. ఒకరోజు కొట్టులో అరకి పలక కావాలంటే మా ఆయనతో కలిసి కరీముల్లా గారి సామిల్లుకి వెళ్ళాను. పెద్దాయన, గడ్డం నిండా చెక్కపొట్టు.

"మీ పక్కింటి వీరాంజనేయులు గారి బల్ల బాగా కుదిరిందా అమ్మా?" అన్నాడు.

"ఎక్కడండీ! మొన్నటిదాకా ఎత్తే తేలలేదు."

కరీముల్లా గారు నవ్వాడు. "ఎత్తు తేలకపోవడమేంటమ్మా? శ్రావణంలోనే కొలతలన్నీ రాసుకొచ్చి, ముక్క ముక్క దగ్గరుండి కోయించుకున్నాడు. కొలతలు అంత శుభ్రంగా రాసుకొచ్చిన మనిషిని నేను చూళ్ళేదు. అదుగో ఆ కాగితం, పనివాళ్ళకి చూపిద్దామని మేకుకి గుచ్చి పెట్టా."

కాగితం తీసి చూశాను. మీటరు కార్డుల మీద ఉండే గుండ్రటి అంకెలే. కాళ్ళు చదరం, పొడవు ఇరవై ఏడు అంగుళాలు. పలక మందం ఒక అంగుళం. పొయ్యి ఎత్తు నాలుగు. పక్కన చిన్న అక్షరాలతో: "పిచ్చమ్మ మోచెయ్యి ముప్పై ఆరు. గిన్నెకి నాలుగు వదలాలి." అంచులు నున్నగా. మూడంగుళాల మేకులు పదహారు. కింద తేదీ.

నాకు ఒళ్ళు మండింది. ఊరంతటినీ నాలుగు నెలలు తిప్పించాడా ఈయన! అంతకంటే ఎక్కువ మండింది మోకాళ్ళు పట్టుకుని లేచే పిన్ని గారు గుర్తొచ్చి. అన్నిటికంటే లోపల, నన్ను అడిగింది కూడా ఉత్తిదేనా అన్న బాధ. కాగితం అడిగి తీసుకుని నేరుగా పక్కింటి పెరట్లోకి వెళ్ళాను. బాబాయి గారు చిత్రిక పడుతున్నారు.

"బాబాయి గారూ, ఇదేమిటి?"

ఆయన కాగితం చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. "చేతిరాత నాదే అంటావా?"

"మీదే!"

"అయితే నాదే."

"అన్నీ ముందే తేల్చుకున్న మనిషి మమ్మల్నందర్నీ ఎందుకడిగారు? మా మాటంటే మీకు ఆటగా ఉందా? పిన్ని గారు నాలుగు నెలల నుంచి ఆ మోకాళ్ళతో కింద కూర్చుని వండుతోంది కదండీ!"

"ఇప్పుడు నన్నేం చెప్పమంటావు?" అన్నారాయన అలవాటుగా.

"నన్నడక్కండి. మీరే చెప్పండి."

ఆయన చిత్రిక పక్కన పెట్టి పలక మీద కూర్చున్నారు. కాసేపు చేతులకంటిన పొట్టు దులుపుకున్నారు.

"అమ్మాయ్, ఇరవై రెండేళ్ళ నుంచి మీటర్లు చూస్తున్నా. మీటరు ఏ ఇంట్లోనైనా ఎక్కడుంటుంది? వసారాలో. వసారాలో ఎవరుంటారు? లోపల ఎవరికీ అక్కర్లేనివాళ్ళు. పక్షవాతమొచ్చిన ముసలాయన. చూపు తగ్గిన అవ్వ. లోపల ఇంకా చోటు దొరకని కొత్తకోడలు..." చటుక్కున ఆగారు. "నిన్ననలేదు."

"అన్నారు."

"ఆఁ, అన్నాను." తల వంచుకున్నారు. "మొదట్లో అందర్నీ 'బాగున్నారా' అనేవాణ్ణి. 'ఆఁ' అనేవాళ్ళు. అంతే. దానికి ఇంకేం చెబుతారు? బాగాలేదంటే కూర్చుని వినే తీరిక మీటరువాడికి ఉండదని వాళ్ళకి తెలుసు. అదే 'వంకాయలు ఏ రకం కొనమంటారు' అన్నామనుకో, అరగంట చెబుతారు. మన వీధి మొదట్లో బాపయ్య గారు లేడూ? ఆయన్ని ఆ ఇంట్లో అడిగేది రోజుకి ఒక్కటే మాట, మంచినీళ్ళు కావాలా అని. నేను బల్ల కాళ్ళ సంగతి అడిగిన రోజు ఎడమచేత్తో బొగ్గుముక్క పట్టుకుని గచ్చు మీద బొమ్మ గీశాడు. మాట రాదుగా పాపం. గీసి, నా మొహం చూసి, మళ్ళీ చెరిపి గీశాడు. కోడలొచ్చి గచ్చు పాడైందని అరిచిందనుకో. ఆయన వినిపించుకోలేదు. పనిలో ఉన్నాడు."

"చెప్పింది చేస్తారని ఆశపడతారు కదండీ," అన్నాను, గొంతు తగ్గించి.

"చేయలేదని ఎవరన్నారు? ఆ మేకులెక్కడున్నాయో చూడు."

చూశాను. అప్పటికే బిగించిన రెండు కాళ్ళకీ మేకు లేదు. చదరపు బెజ్జం, అందులో దూరిన పట్టె, అడ్డంగా కొయ్యచీల. అచ్చం మా మగ్గానికి ఉన్నట్టే.

"పై పలక వెనక్కి తిప్పు," అన్నారు.

తిప్పాను. పైన చెక్కరంగే గానీ అడుగంతా చిలకపచ్చ!

"జానీబీ చెప్పింది. రెండు కళ్ళకీ పొర వచ్చింది ఆ ముసలామెకి. బల్లకి ఏ రంగంటే పచ్చరంగెయ్ సారూ, కంటికి చలవ అంది. పైన వేస్తే పొయ్యి సెగకి మాడుద్ది, పైగా మీ పిన్ని నన్ను ఇంట్లోంచి గెంటుద్ది. అందుకని అడుగున వేశా. ఒక కాలి కింద రేకుతొడుగు ఉంది చూడు, అది బాపయ్య గారి బొమ్మలోది. తడిలో చెక్క నానకుండా. ఆ మూల కొక్కెం ఇంకొకరిది. కనపడేచోట మీ పిన్ని మాట, కనపడని చోట ఊరి మాట. తప్పంటావా?"

తప్పనలేకపోయాను. కానీ ఒక్కటి మాత్రం అన్నాను. "మీరడిగే వాళ్ళంతా వసారాల్లోనే ఉన్నారా బాబాయి గారూ? వంటింట్లో కింద కూర్చున్నావిడ సంగతేంటి?"

ఆ దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. బాబాయి గారు మొదటిసారి ఎవరినీ అడక్కుండా ఆఫీసుకి సెలవు చీటీ రాశారు. నాలుగు రోజుల్లో బల్ల పూర్తయింది. చీలలు మాత్రం సగం చింత, సగం తుమ్మ. మా అత్తగారు దగ్గర నిలబడి మరీ కొట్టించింది.

పిచ్చమ్మ పిన్ని గారు బల్ల ముందు నిలబడి గోంగూర పప్పు చేసిన రోజు వీధంతా చూడ్డానికి వచ్చింది. ఆవిడ గరిటె తిప్పుతూ, మోచెయ్యి ఎక్కడా పైకెత్తే పనిలేదని గమనించి, "ఎట్టా కుదిరిందే ఇంత సరిగ్గా!" అంది. బాబాయి గారు నా వైపు చూసి కళ్ళతోనే చెప్పొద్దన్నారు. చెప్పలేదు. కానీ పొయ్యి కింద తుడవడానికి వంగినప్పుడు ఆవిడకి చిలకపచ్చ కనిపించింది. చాలాసేపు అలాగే వంగి చూసింది. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆవిడ జీవితంలో అదే మొదలనుకుంటాను.

ఇదంతా జరిగి పదేళ్ళు దాటింది. నాన్నకి రాసిన ఆ ఉత్తరం ఏమైందో నాకే గుర్తులేదు. బల్ల అయిన మూడేళ్ళకి బిల్లు కొట్టే చేతిమిషన్లు వచ్చాయి. కుర్రాళ్ళు వచ్చి మీటరు చూసి, గుమ్మంలోనే చీటీ చింపి ఇచ్చి వెళ్ళిపోవడం మొదలైంది. బాబాయి గారిని ఆఫీసులో కూర్చోబెట్టారు. రిటైరయ్యాక ఇద్దరూ అద్దంకి వెళ్ళిపోయారు. ఇప్పుడు మా వసారాలో మా అత్తగారు కూర్చుంటుంది. మీటరు కుర్రాడు వచ్చిన ప్రతిసారీ "కూర్చో బాబూ" అంటుంది. అతనికి తీరికెక్కడిది? రెండు నిమిషాల్లో బండి స్టార్టు చేస్తాడు. ఆ బండి మలుపు తిరిగేదాకా ఆవిడ అటే చూస్తుంది. నేను పని వదిలి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంటాను. మేమిద్దరం చూసేది ఆ బండి కోసం కాదు. ఒక పాత సైకిలు కోసం.

ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు బల్ల పూర్తయ్యాక వచ్చిన వారమే కళ్ళముందుకొస్తుంది. ఆ వారం బాబాయి గారు డ్యూటీకి వెళ్ళి రావడం, నీరసంగా గుమ్మంలో కూలబడటం. జానీబీ "బల్లెందాకా వచ్చింది సారూ?" అని అడిగిందట. అయిపోయిందంటే "అట్టాగా" అని మొహం అటు తిప్పుకుందట. బాపయ్య గారు బొగ్గుముక్క దిండు కింద దాచుకుని ఉన్నాడట. ఆయన దాన్ని తీసి ఎదురుచూస్తుంటే బాబాయి గారికి అడగడానికి ఏ మాటా దొరకలేదట. ఒకరోజు ఇదంతా చెప్పి, అన్నం వద్దని లేచిపోబోయారు. నేను అప్పుడు వాళ్ళింట్లోనే ఉన్నాను, పిన్ని గారు పెట్టిన గోంగూర గిన్నె పట్టుకుని.

పిన్ని గారు పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని వచ్చింది.

"ఏవండీ, నిలబడి వండుతుంటే కాళ్ళు లాగుతున్నాయి. నాకో స్టూలు కావాలి."

ఆవిడ కాళ్ళు లాగడం లేదని నాకు తెలుసు. అరగంట క్రితమే, "బంగారంలా ఉందే, ఇంకో పూట కూడా వండాలనిపిస్తోంది," అని నాతో అంది.

బాబాయి గారు తలెత్తారు. "స్టూలా? రేపే కరీముల్లా దగ్గరికి వెళ్ళి..."

"రేపెందుకు? స్టూలంటే మాటలా?" అని కసిరింది పిన్ని గారు. "ఎత్తెంతో, కాళ్ళెన్నో, నలుగుర్నీ కనుక్కోవద్దూ? ముందు అన్నం తినండి. తొందరేం లేదు."